తక్కువ రంగుల తెర మీద నిండు రంగుల ఫొటో చూపించడం: మొదటి నుంచి చివరి దాకా

"ఫోన్‌లో ఫొటో బ్రహ్మాండంగా ఉంది. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న చిన్న తెర మీద వేస్తే ఆకాశం మెట్లు మెట్లుగా వస్తోంది, ముఖాలు అట్టముక్కల్లా ఉన్నాయి. తెర మార్చాలా?" నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఇదే. మార్చక్కర్లేదు. నా దాకా వచ్చిన వాటిలో చాలాసార్లు తెర బాగానే ఉంది, పనులు చేసిన వరుసే తప్పింది.

ఆ వరుస ఇది: తెర సంగతి తేల్చుకోవడం, సైజు, వెలుగునీడలు, ప్యాలెట్ (వాడే రంగుల జాబితా), అన్నిటికన్నా చివర డిథరింగ్, అంటే ఉన్న కొద్ది రంగుల చుక్కలనే పక్కపక్కన కలిపి పెట్టి లేని రంగులు ఉన్నట్టు చూపించడం. డిథరింగ్ అయ్యాక ఫొటో మీద చెయ్యి వెయ్యకూడదు (పైన వేసే అక్షరాలు వేరే సంగతి). ఈ ఒక్క నియమం తప్పినందుకే సగం ఫొటోలు పాడవుతాయి.

1. ముందు మీ తెర ఎన్ని రంగులు చూపగలదో తేల్చుకోండి

ఫోన్ ఫొటోలో ఒక్కో చుక్కకు (పిక్సెల్‌కు) 24 బిట్లు, అంటే 1,67,77,216 రంగులు. మన చేతికి వచ్చే చిన్న తెరలు మామూలుగా ఈ రకాల్లో ఒకటి:

- 16 బిట్ల టీఎఫ్‌టీ (మామూలు చిన్న రంగుల ఎల్‌సీడీ). ఎరుపుకు 5 బిట్లు, ఆకుపచ్చకు 6, నీలానికి 5. మొత్తం 65,536 రంగులు. ఎస్‌టీ7735, ఐఎల్‌ఐ9341 చిప్పులున్న తెరలను మనం ఎక్కువగా వాడేది ఇలాగే. దీన్నే 565 అంటారు.
- 8 బిట్ల ప్యాలెట్. ఒకేసారి 256 రంగులు, అవి ఏవన్నది మన ఇష్టం.
- రంగుల ఈ-పేపర్ (కాగితంలా కనిపించే తెర). ఏడు రంగుల రకంలో నలుపు, తెలుపు, ఆకుపచ్చ, నీలం, ఎరుపు, పసుపు, నారింజ. అంతే.
- నలుపు-తెలుపు, లేదా నలుపు-తెలుపు-ఎరుపు ఈ-పేపర్.

మెమరీ లెక్క కూడా ఇప్పుడే వేసుకోండి. 240×320 తెర నిండా 16 బిట్ల ఫొటో అంటే 1,53,600 బైట్లు. అదే 256 రంగుల ప్యాలెట్‌తో అయితే 76,800 బైట్లు, ప్యాలెట్ పట్టికకు ఇంకో 512. ఆర్డుయినో యూనో అనే చిన్న కంట్రోలర్ బోర్డులో ర్యామ్ 2,048 బైట్లే కాబట్టి పూర్తి ఫొటో అందులో పట్టదు, ఎస్‌డీ కార్డు నుంచి వరుస తర్వాత వరుస పంపాలి. ఎక్కువ మెమరీ ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు అయితే ఆ తిప్పలు తక్కువ.

చాలామంది వాడుకోని వసతి ఒకటుంది. ఐఎల్‌ఐ9341కి 18 బిట్ల పద్ధతి కూడా ఉంది. అందులో మూడు రంగులకూ తలా 6 బిట్లు, ఒక్కో చుక్కకు 3 బైట్లు పంపాలి. వేగం తగ్గుతుంది, కానీ కదలని ఫొటోకి వేగంతో పనేముంది? గోడకు తగిలించే తెర అయితే ముందు ఇదే ప్రయత్నించండి.

2. ఫొటో వెయ్యకముందు ఉత్త ఆకుపచ్చ వేసి చూడండి

చాలామంది మొదట ఎరుపు వేసి చూస్తారు. ఎరుపు బదులు నీలం వస్తే ఇక గందరగోళమే, ఎందుకంటే రెండు వేర్వేరు తప్పులూ ఎరుపును నీలంగానే చూపిస్తాయి. ఆకుపచ్చ వేస్తే తప్పు ఏదో అక్కడికక్కడే తెలుస్తుంది.

565లో స్వచ్ఛమైన ఆకుపచ్చ అంటే 2016 అనే సంఖ్య. తెర మొత్తం దాంతో నింపండి.

- ఆకుపచ్చ ఆకుపచ్చగానే వచ్చి, ఎరుపు (63488) మాత్రం నీలంగా వస్తే: ఎరుపు, నీలం తారుమారయ్యాయి. డ్రైవర్ సెట్టింగ్‌లో రంగుల వరుస మార్చండి. ఎస్‌టీ7735 తెరలకు లైబ్రరీలో (తెరను నడిపే సిద్ధమైన కోడ్‌లో) తెర పైపొర మీది ట్యాబ్ రంగును బట్టి వేరు వేరు ఎంపికలుంటాయి. తెర మీద అంటించిన ట్యాబ్ రంగును మరీ నమ్మకండి, ఒక్కోటీ మార్చి చూడండి.
- ఆకుపచ్చ బదులు నీలం ఛాయ కలిసిన ఎరుపు వస్తే: రెండు బైట్లు తిరగబడ్డాయి. తెర పెద్ద బైటును ముందు అడుగుతోంది, మీరు చిన్న బైటును ముందు పంపుతున్నారు. రెండో సందర్భంలో ఎరుపు కూడా కాస్త మందమైన నీలంగా కనిపిస్తుంది, అందుకే ఎరుపుతో పరీక్ష పనికిరాదన్నాను.

దీని తర్వాత తెలుపు (65535), నలుపు (0) కూడా చూసేయండి. ఈ పరీక్ష దాటకుండా ఫొటో రంగులు సరిచేస్తూ కూర్చుంటే పొద్దంతా వృథా.

3. ఫొటోను సిద్ధం చేయడం

ముందు కత్తిరించండి, తర్వాత సైజు తగ్గించండి. తెర 240×320 అయితే ఫొటో కూడా చుక్క అటూ ఇటూ కాకుండా అదే సైజులో ఉండాలి. సైజు తగ్గించే పని తెర లైబ్రరీకి వదిలేయకండి, అది మధ్యమధ్యలో చుక్కలు వదిలేసి పని కానిస్తుంది. జింప్ అనే ఫొటో ఎడిటర్‌లోనో, పైథాన్‌లో బొమ్మల పని చేసే పిల్లో లైబ్రరీలోనో మంచి పద్ధతితో తగ్గించండి.

తగ్గించాక కొద్దిగా పదును పెట్టండి. కొద్దిగానే. చార్మినార్ ఫొటోను 128×160కి కుదిస్తే పైఅంతస్తు జాలీలు పిండిలా కలిసిపోతాయి, పదును వాటికోసం. ఎక్కువైతే మినార్ల అంచుల చుట్టూ తెల్ల గీత వస్తుంది, డిథరింగ్ దాన్ని ఇంకా ఎత్తి చూపుతుంది.

తర్వాత వెలుగునీడలు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే "డిథరింగ్ చేస్తే ఫొటో వెలిసిపోయింది" అనే ఫిర్యాదు పుట్టేది ఇక్కడే.

నలుపు చుక్క, తెలుపు చుక్క చదరంగం గళ్లలా పక్కపక్కనే పెట్టండి. ఆ పక్కన 128 విలువ ఉన్న బూడిద గడి ఒకటి, 188 ఉన్న గడి ఒకటి గీయండి. జూమ్ నూటికి నూరు పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగి చూడండి. గళ్ల నమూనా 188తో కలిసిపోతుంది, 128తో కాదు. ఫైల్‌లో ఉన్న సంఖ్య తెర వెలుగుకు సమానుపాతంలో ఉండదు కాబట్టి ఇలా అవుతుంది.

కాబట్టి 128 బూడిదను "సగం కదా" అని 100 చుక్కల్లో 50 తెల్లవి పెడితే బొమ్మ పాలిపోతుంది. నిజానికి 22 తెల్ల చుక్కలే కావాలి. సొంతంగా కోడ్ రాసేవాళ్లు ప్రతి విలువనూ 255తో భాగించి 2.2 ఘాతానికి పెంచి, ఆ వెలుగు లెక్కలోనే డిథరింగ్ చెయ్యాలి. జింప్ వాడేవాళ్లకు సులువు దారి: డిథరింగ్‌కు ముందే కర్వ్స్‌లో మధ్య ఛాయలను కిందికి లాగండి.

ఇది రెండు రంగుల, ఏడు రంగుల తెరలకు చాలా ముఖ్యం. 565 తెరలో పక్కపక్క మెట్లు దగ్గరగా ఉంటాయి కాబట్టి తేడా కంటికి పెద్దగా తెలియదు.

4. 565 తెర: ఆకాశంలో పట్టీలు పోగొట్టడం

హుస్సేన్ సాగర్ మీద సాయంత్రం తీసిన ఫొటో అనుకోండి. పైనుంచి కిందికి 160 వరుసల ఆకాశంలో నీలం విలువ 180 నుంచి 220 దాకా మెల్లగా మారుతోంది. 5 బిట్లలోకి తెస్తే 180 అంటే 22వ మెట్టు, 220 అంటే 27వ మెట్టు. మొత్తం ఆరే మెట్లు. 160 వరుసల ఆకాశం ఆరు పట్టీలైపోతుంది.

ఇంకో చిక్కు. ఆకుపచ్చకు 6 బిట్లు కాబట్టి దాని మెట్లు వేరే వరుసల్లో మారతాయి. అందుకే బూడిద రంగు మేఘంలో ఒక పట్టీ లేత ఆకుపచ్చగా, ఇంకోటి లేత గులాబీగా కనిపిస్తుంది. తెర చెడిపోయిందని తిరిగి ఇచ్చేసినవాళ్లను చూశాను. ఉదాహరణకు 127 బూడిద 565లోకి వెళ్లి వస్తే ఎరుపు, నీలం 123 అవుతాయి, ఆకుపచ్చ 125 అవుతుంది. తెర తప్పేం లేదు, లెక్కే అంత.

మందు ఏమిటంటే బిట్లు కోసే ముందు ప్రతి చుక్కకూ కొద్ది కొద్దిగా వేరే విలువ కలపడం. ఈ నాలుగు వరుసల పట్టిక చాలు:

0, 8, 2, 10
12, 4, 14, 6
3, 11, 1, 9
15, 7, 13, 5

చేసే విధానం:

1. చుక్క ఏ నిలువులో, ఏ వరుసలో ఉందో చూసి, ఆ రెండు సంఖ్యలనూ 4తో భాగించగా వచ్చే శేషాలతో పట్టికలో విలువ తీసుకోండి.
2. ఎరుపు, నీలాలకు ఆ విలువలో సగం కలపండి. ఆకుపచ్చకు నాలుగో వంతు.
3. 255 దాటితే 255 దగ్గర ఆపండి. దీన్ని మరిచిపోతే తెల్లటి మేఘాల్లో నల్ల చుక్కలు మొలుస్తాయి.
4. ఆ తర్వాత ఎరుపు, నీలాల్లో కింది 3 బిట్లు, ఆకుపచ్చలో కింది 2 బిట్లు తీసేయండి.

180నే తీసుకోండి. అది 22వ మెట్టుకు, 23వ మెట్టుకు సరిగ్గా మధ్యలో ఉంది. పై పద్ధతిలో 16 చుక్కల్లో 8 చుక్కలు 22వ మెట్టుకు, మిగిలిన 8 చుక్కలు 23వ మెట్టుకు వెళ్తాయి. కన్ను రెంటినీ కలిపేసుకుంటుంది. పడుగు ఎరుపు, పేక ఆకుపచ్చ వేసి నేసిన పట్టుచీరను దూరం నుంచి చూస్తే మూడో రంగు కనబడుతుంది చూడండి, అలాగే.

ల్యాప్‌టాప్‌లో ముందుగా చూసుకునేవాళ్లకు ఒక మాట. 5 బిట్ల విలువను తిరిగి 8 బిట్లు చేసేటప్పుడు మూడు బిట్లు ఎడమకు జరిపి వదిలేస్తే తెలుపు 248, 252, 248 అవుతుంది, అంటే ఆకుపచ్చ ఛాయ కొట్టే తెలుపు. పై రెండు బిట్ల నకలునో మూడు బిట్ల నకలునో కింది ఖాళీలో నింపితేనే 255 వస్తుంది. 5 బిట్లకైతే పై 3 బిట్లు, 6 బిట్లకైతే పై 2.

5. ప్యాలెట్: ఏ రంగులు ఉండాలో మీరు చెప్పండి

లాడ్ బజార్‌లో ఒక గాజుల దుకాణానికి చిన్న తెర పెట్టి ఇచ్చాను. ఫొటోలు చాలా తిప్పాలి, మెమరీ తక్కువ, అందుకని ఫొటోకి 32 రంగులు చాలనుకుని ప్యాలెట్ ఎంపికను సాఫ్ట్‌వేర్‌కే వదిలేశాను. తెర వెలగ్గానే దుకాణదారు దగ్గరికొచ్చి చూసి, "నా దగ్గర ఫిరోజీ గాజులున్నయ్ అన్నా. గివేంది, గిట్ల బూడిద రంగున్నయ్?" అన్నాడు.

ఆయన మాట నిజం. గాజుల వెనక పరిచిన గోధుమరంగు మఖ్మల్ గుడ్డ ఫొటోలో సగానికి పైగా ఉంది. ఎక్కువ చోటున్న రంగుకే సాఫ్ట్‌వేర్ ప్యాలెట్‌లో ఎక్కువ గళ్లు ఇస్తుంది. గోధుమరంగు ఛాయలకే గళ్లలో చాలాభాగం పోయాయి, రెండు డజన్ల ఫిరోజీ గాజులకు ఒక్క గడి కూడా మిగల్లేదు. కొనేవాళ్లు చూసేది గుడ్డను కాదు, గాజులను.

ఇంటికొచ్చి ఇలా సరిచేశాను, మీరూ ఇలాగే చెయ్యండి:

1. ఫొటోలో తప్పనిసరిగా నిలవాల్సిన రంగులు ఐదారు ఎంచుకోండి. బతుకమ్మ ఫొటో అయితే తంగేడు పసుపు, గునుగు చివర ఉండే గులాబీ, బంతి నారింజ, ఆకు పచ్చ. మనుషులుంటే చర్మం ఛాయలకు కనీసం మూడు నాలుగు గళ్లు.
2. నలుపు, తెలుపు తప్పకుండా పెట్టండి.
3. మిగిలిన గళ్లను సాఫ్ట్‌వేర్‌ను నింపనివ్వండి. వెనక ఉన్న గుడ్డనో గోడనో తీసేసిన నకలు ఇచ్చి నింపిస్తే ఇంకా మంచిది.
4. జింప్‌లో కొత్త ప్యాలెట్‌గా దాచుకుని, ఇమేజ్ మెనూలో మోడ్, అందులో ఇండెక్స్‌డ్ ఎంచుకుని, కస్టమ్ ప్యాలెట్ దగ్గర అది ఇవ్వండి.
5. అక్కడే "వాడని రంగులను తీసేయి" అన్న గడిలో టిక్ తీసేయండి. లేకపోతే రంగుల వరుస సంఖ్యలు జరిగిపోతాయి, తెర మీద ఒక రంగుకు ఇంకోటి వస్తుంది.

ఒకే తెర మీద చాలా ఫొటోలు తిరుగుతుంటే అన్నిటికీ కలిపి ఒకే ప్యాలెట్ చేయండి. ఫొటోకో ప్యాలెట్ పెడితే, మారే క్షణంలో పాత ఫొటో కొత్త రంగుల్లో ఒక్కసారి మెరిసి పోతుంది. చూడ్డానికి చాలా వికారంగా ఉంటుంది.

6. ఏ డిథరింగ్ ఎప్పుడు

కదలని ఫొటోకి ఫ్లాయిడ్-స్టైన్‌బర్గ్. ఒక చుక్కలో మిగిలిన తేడాను పారేయకుండా పక్క చుక్కలకు పంచడం దీని పని. నలుపు-తెలుపు తెర మీద 100 విలువ ఉన్న చుక్క వచ్చిందనుకోండి. దగ్గరిది నలుపు, అంటే 0. మిగిలిన 100ని పదహారు వాటాలు చేస్తే:

- కుడి చుక్కకు 7 వాటాలు: 43.75
- కింద ఎడమకు 3 వాటాలు: 18.75
- సరిగ్గా కిందికి 5 వాటాలు: 31.25
- కింద కుడికి 1 వాటా: 6.25

కుడి చుక్క కూడా 100 అయితే ఇప్పుడు 143.75 అయింది, అందుకని తెలుపు అవుతుంది. అది తీసుకున్న అదనం, అంటే 111.25, ఈసారి తరుగుగా పక్కవాటికి వెళ్తుంది. ఎవరి బాకీ ఊరికే పోదు.

ప్రతి వరుసనూ ఎడమ నుంచి కుడికే నడిపితే నున్నటి గోడల మీద పురుగులు పాకినట్టు గీతలు వస్తాయి. ఒక వరుస ఎడమ నుంచి, తర్వాతి వరుస కుడి నుంచి నడపండి. వాటాల దిక్కు కూడా తిప్పడం మరిచిపోకండి.

కదిలే బొమ్మలకు దీన్ని వాడొద్దు. ఒక మూల చిన్న మార్పు జరిగినా చుక్కలన్నీ కదిలి తెరంతా చీమలు పట్టినట్టు ఉంటుంది. వాటికి పైన చెప్పిన పట్టిక పద్ధతే సరైనది. జింప్‌లో దాని పేరు పొజిషన్డ్.

మసక ఫొటోలకు, రెండు రంగుల తెరకు ఆట్కిన్‌సన్ పద్ధతి బాగుంటుంది. అది తేడాలో ఎనిమిదింట ఆరు వంతులే పంచుతుంది, మిగతాది వదిలేస్తుంది. నీడలు మరీ నల్లబడతాయి, తెలుపు మరీ తెల్లబడుతుంది, కానీ బొమ్మ తేటగా నిలబడుతుంది.

అక్షరాలకూ లోగోలకూ మాత్రం ఏ డిథరింగూ వద్దు. ఫొటోను డిథర్ చేశాక, ప్యాలెట్‌లో ఉన్న రంగుతోనే అక్షరాలను పైన వేయండి. ముఖ్యంగా తెలుగు. ఒత్తులూ గుడులూ ఉన్న చోట నాలుగు చుక్కలు చెదిరితే చదివేవాడికి ఏమీ అర్థం కాదు.

7. రంగుల ఈ-పేపర్: తెర అసలు రంగులు కొలవండి

ఏడు రంగుల తెరలో "ఎరుపు" అంటే 255, 0, 0 అని లెక్కలో రాస్తాం. తెర మీద వచ్చేది ఇటుక రంగుకు దగ్గర. తెలుపు కూడా వార్తాపత్రిక కాగితంలా ఉంటుంది. లేని నిగారింపు ఉందనుకుని లెక్క కడితే పంచే తేడా అంతా తప్పవుతుంది.

1. తెరను ఒక్కో రంగుతో పూర్తిగా నింపండి.
2. పక్కన తెల్ల ఏ4 కాగితం పెట్టి, తెర చివరికి ఏ వెలుతురులో ఉంటుందో అదే వెలుతురులో ఫొటో తీయండి. ట్యూబ్‌లైట్ కింద పెట్టేదాన్ని ఎండలో కొలవొద్దు.
3. కాగితం తెల్లగా కనిపించేలా ఫొటోను సరిచేసి, ఒక్కో రంగు సగటు విలువ రాసుకోండి.
4. డిథరింగ్ ఈ కొలిచిన విలువలతో చేయండి. తెరకు పంపేటప్పుడు మాత్రం రంగు సంఖ్యే పంపండి.

600×448 ఏడు రంగుల తెరకు ఒక్కో చుక్కకు 4 బిట్లు, ఒక బైటులో రెండు చుక్కలు, మొత్తం 1,34,400 బైట్లు. ముందు చుక్క పై సగంలో, తర్వాతి చుక్క కింది సగంలో పెట్టాలి. తిరగబడితే ఫొటో అంచులన్నీ రంపంలా ఉంటాయి.

ఫొటో రంగుల గాఢతను డిథరింగ్‌కు ముందు కొంచెం పెంచండి. ఈ తెరలకు అది అవసరం.

8. దాచుకోవడం, పంపడం

- పీఎన్‌జీగానో నేరుగా బైట్లుగానో దాచండి. జేపెగ్ వద్దు, చుక్కలను చెరిపి మసి చేస్తుంది.
- డిథర్ చేసిన ఫైల్‌ను వాట్సాప్‌లో ఫొటోగా పంపొద్దు, అది మళ్లీ జేపెగ్ అవుతుంది. డాక్యుమెంట్‌గా పంపండి.
- డిథర్ చేయని, సైజు తగ్గించిన నకలు ఒకటి వేరే ఉంచుకోండి. రేపు తెర మారితే అక్కడినుంచి మొదలుపెట్టొచ్చు.
- తెర పక్కకు తిప్పి పెట్టాలంటే ఫొటోను ముందే తిప్పి డిథర్ చేయండి.

9. తప్పు కనబడితే ఎక్కడ వెతకాలి

ఫొటో మీద గళ్ల చీరలాంటి నమూనా కనిపిస్తోందా? డిథరింగ్ తర్వాత ఎక్కడో సైజు మారింది. లైబ్రరీలో సాగదీసే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో చూడండి.

ఒక రంగు పక్కనున్న గోడ మీదికి కారినట్టుందా? ప్యాలెట్‌లో ఆ గోడకు దగ్గరి రంగు లేదు. ఒక గడి ఇవ్వండి, లేదా జింప్‌లో రంగు కారడాన్ని తగ్గించే ఫ్లాయిడ్-స్టైన్‌బర్గ్ రకం ఎంచుకోండి.

ముఖాలు ఆకుపచ్చగా ఉన్నాయా? చర్మం ఛాయలకు గళ్లు చాల్లేదు. ఏడు రంగుల ఈ-పేపర్‌లో అయితే కొలవని ప్యాలెట్ వాడి ఉంటారు.

ల్యాప్‌టాప్‌లో బాగుండి తెర మీద పట్టీలు వస్తున్నాయా? పంపే కోడ్ మళ్లీ ఒకసారి బిట్లు కోస్తోంది. ల్యాప్‌టాప్‌లోనే పట్టీలు కనిపించి తెర మీద లేకపోతే కంగారుపడకండి, చవక ల్యాప్‌టాప్ తెరల్లో చాలావాటికి రంగుకు 6 బిట్లే.

అన్నీ సరిగ్గా ఉన్నా చుక్కలు కనబడుతున్నాయా? ఎంత దూరం నుంచి చూస్తున్నారు? బల్ల మీద పెట్టి అరచెయ్యి దూరం నుంచి చూస్తే ఏ డిథరింగైనా చుక్కలే. గాజుల తెరను దుకాణంలో పైఅరలో పెట్టి, కొనేవాళ్లు నిలబడే చోట నిలబడి చూశాను. ఫిరోజీ అక్కడినుంచి ఫిరోజీలానే ఉంది.